గాలి ఆగిన ఇల్లు

"ఉస్తాద్, నాకెందుకు రావడం లేదు?"

మీరావలి ఈ మాట అడిగేసరికి ఉస్తాద్ సాబిత్ గోడకు సున్నం పూస్తున్నాడు. తాపీ ఆపకుండానే అడిగాడు.

"ఏది రావడం లేదు?"

"మిగతావాళ్ళకు వచ్చేది. జిక్ర్‌లో కూర్చుంటే వాళ్ళ మొహాలు వెలుగుతాయి. కొందరికి కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. నేనూ వాళ్ళ పక్కనే కూర్చుంటాను. అదే చాప, అదే నామం. నమాజు తప్పలేదు, ఉపవాసం తప్పలేదు. ఉన్న తలుపులన్నీ తెరిచి పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఏళ్ళు గడిచిపోతున్నాయి. లోపల చీమ చిటుక్కుమనడం లేదు."

ఉస్తాద్ పూసిన చోటును అరచేత్తో తడిమి చూశాడు.

"సున్నం ఆరిపోతోంది. ఆ నీళ్ళ కుండ ఇలా అందుకో."

మీరావలి కుండ అందించాడు. జవాబు వస్తుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రాలేదు.

ఇది ఓడలు తెరచాపల మీద నడిచిన రోజుల నాటి సంగతి. మీరావలిది కోరంగి. అతని తండ్రీ తాతా అందరూ ఓడ వడ్రంగులే. పడుచుతనంలో ఒకసారి టేకు దుంగల ఓడెక్కి ఎర్ర సముద్రం ఒడ్డునున్న ఈ రేవు పట్నానికి వచ్చాడు. సరుకు దించి అదే ఓడలో తిరిగి వెళ్ళిపోవాలన్నది లెక్క.

ఓడ లంగరు వేసిన పొద్దున, సముద్రం మీది మసక విడిపోగానే అతనికి ఆ పట్నం కనిపించింది. నీళ్ళలోంచే లేచాయా అన్నట్టు తెల్లటి మేడలు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నిలబడ్డాయి. ప్రతి మేడకూ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కొయ్య కిటికీలు, మనిషి పడుకునేంత వెడల్పున. ఆ ఊళ్ళో వాటిని రౌషన్లు అంటారు. పుట్టినప్పటినుంచీ ఓడల్నే చూసిన కళ్ళకు, ఎవరో ఓడల వెనక భాగాలు కోసి తెచ్చి గోడలకు తగిలించినట్టు కనిపించింది.

ఒడ్డు దిగి మొదటి గోడ మీద చెయ్యి వేశాడు. రాయంతా సన్నటి చిల్లులు. చిన్న ముక్క ఎత్తి చూస్తే రాయిలా బరువు లేదు. అక్కడ పనిచేస్తున్న తాపీమేస్త్రీ నవ్వి, "పగడపు రాయి. సముద్రంలోంచి కోసుకొస్తాం" అన్నాడు. ఆ మెత్తటి రాళ్ళ వరసల నడుమ, కొంత ఎత్తుకొకటి చొప్పున, దూలం అడ్డంగా పరిచి ఉంది. మీరావలి వంగి వాసన చూశాడు. టేకు. గోదావరి మీద తెప్పలు కట్టి దింపే టేకు.

తమ అడవిలో పెరిగిన చెట్టూ ఈ సముద్రంలో పెరిగిన రాయీ ఒకదాని మీద ఒకటి పడుకుని ఒక ఊరి బరువు మోస్తున్నాయి. అతను ఆ గోడ పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఓడ తిరుగుప్రయాణం కట్టినప్పుడు అందులో మీరావలి లేడు.

ఉస్తాద్ సాబిత్ ఆ ఊరి ఇళ్ళు కట్టేవాళ్ళలో పెద్దవాడు. సూఫీ కూడా. పొద్దంతా పనిచేసిన మనుషులు సాయంత్రాలు ఆయన వాకిట్లో చాపల మీద జిక్ర్‌కు చేరి దేవుడి నామం తలుచుకునేవారు. ఆయన మాట్లాడేది తక్కువ. కొత్త ఇంటికి స్థలం చూడాలంటే, పైన చొక్కా తీసేసి, తడిగుడ్డ భుజాల మీద కప్పుకుని, ఆ ఖాళీ నేల మీద పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. ఒకసారి అటు తిరిగేవాడు, ఒకసారి ఇటు. చివరికి లేచి, మడమతో నేల మీద గీతలు గీసేవాడు. కిటికీ ఇక్కడ. మెట్లు అక్కడ. ఆయన గీసిన చోట కట్టిన ఇళ్ళలో నడివేసవి మధ్యాహ్నం కూడా మనుషులు కంటినిండా నిద్రపోయేవారు.

బయట ఎండ రాళ్ళను పేలుస్తుంటే లోపలికి అడుగుపెట్టగానే చెమట ఆరిపోయే ఆ వింత మీరావలికి ఎన్నేళ్ళైనా పాతబడలేదు. రౌషన్లు చెక్కడంలో అతన్ని మించినవాడు లేడనిపించుకున్నాడు. కానీ గీతలు ఎక్కడ గీయాలో ఉస్తాద్ ఎప్పుడూ చెప్పలేదు. పరాయివాణ్ణి కాబట్టే దాస్తున్నాడేమోనని కూడా ఒక్కోసారి అనిపించేది.

ఆ సున్నం పూసిన ఇల్లు యూనుస్ అనే మిరియాల వర్తకుడిది. గోడలు పైకప్పు దాకా లేచాక, ఎడారి లోపలి ఊళ్ళో ఒక దర్గా గోడ కూలిందని ఉస్తాద్‌కు కబురు వచ్చింది. ఆయన బయల్దేరుతూ, "మిగిలింది కొయ్యపనే కదా. నువ్వు పూర్తిచెయ్యి" అని ఇల్లు మీరావలి చేతికి అప్పగించి వెళ్ళాడు.

మీరావలి ప్రాణం పెట్టి చేశాడు. ఉత్తరాన సముద్రం వైపు పెద్ద రౌషన్ పెట్టాడు. దానికి చాప అల్లికలాంటి కొయ్య జాలీ చెక్కాడు. ఇక మిగిలింది నడిమి గొంది.

ఆ ఊరి మేడలన్నిటికీ నట్టనడుమ కింది నుంచి కప్పు దాకా బావిలాంటి ఖాళీ ఒకటి ఉంటుంది. మెట్లు దాని చుట్టూ తిరుగుతూ ఎక్కుతాయి. డాబా మీద దాని మూతి దగ్గర ఎవరో తొందరలో కొట్టినట్టు సందులు సందులుగా నాలుగు చెక్కలు పెట్టి వదిలేస్తారు. ఎడారి గాలి లేచినప్పుడల్లా ఆ సందుల్లోంచి మెట్ల మీద దుమ్ము రాలుతుంది. పావురాలు దూరతాయి. ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తిట్టుకుంటారు. ఇంత అందమైన ఇళ్ళకు పైన ఈ చిరుగేమిటని మీరావలికి మొదటినుంచీ ఉంది. పని చివరికొచ్చేసరికి అలిసిపోయిన మనుషులు చేసే పని అనుకున్నాడు.

తను అలా వదలదలచుకోలేదు. బోర్లించిన పడవలా టేకుతో ఒక మూత చేశాడు. పలక పక్కన పలక గోరు దూరకుండా అతికించి, సందుల్లో దూది కూరి, తండ్రి నేర్పినట్టు చేపనూనె పట్టించాడు. లోపలివైపు, కింద నిలబడి తలెత్తితే కనిపించేలా, విచ్చిన తామరలు చెక్కాడు. పైన బిందెలకొద్దీ నీళ్ళు పోసి చూశాడు. కింద ఒక్క చుక్క పడలేదు.

దుమ్ము పడని ఇల్లని ఊరంతా చెప్పుకున్నారు. యూనుస్ అతన్ని వీధిలోనే కౌగిలించుకున్నాడు. చూడవచ్చినవాళ్ళలో ఒకాయన "ఉస్తాద్ మీరావలీ" అని పిలిచాడు. ఆ రోజు మీరావలి ఇంటికి చుట్టుదారిన వెళ్ళాడు, దారిలో ఇంకెవరైనా అలా పిలుస్తారేమోనని.

చలికాలం హాయిగా గడిచింది. వేసవి మొదట్లో యూనుస్ కోడలు నూరా మగబిడ్డను కన్నది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని ఇంట్లోకెల్లా మంచి గది, పెద్ద రౌషన్ ఉన్న గది, తల్లీబిడ్డలకు ఇచ్చారు.

ఎండలు ముదిరాయి. చుట్టుపక్కల ఇళ్ళలో ఎప్పటిలాగే మధ్యాహ్నాలు చల్లబడుతున్నాయి. ఈ ఇల్లు మాత్రం కుమ్మరి ఆవం పెట్టినట్టుంది.

ఒక ఉదయం యూనుస్ తల్లి రుకయ్యా, ముసలావిడ, ముసుగు సర్దుకుంటూ మీరావలి పనిచేసే చోటికే వచ్చేసింది.

"నీ కిటికీలు చూడటానికి ఊరంతా వస్తోంది నాయనా" అంది. "గాలి ఒక్కటే రావడం లేదు."

మీరావలి ఉలి కింద పెట్టి ఆవిడ వెంట నడిచాడు.

నూరా తెరచాటుకు తప్పుకుంది. బిడ్డ ఉయ్యాలలో ఉన్నాడు. ఒంటినిండా చెమటకాయలు. ఏడవడానికి నోరు తెరుస్తున్నాడు గానీ గొంతులోంచి సన్నటి కూత తప్ప ఏమీ రావడం లేదు. ముసలావిడ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూనే ఉంది.

"నిన్నటి నుంచి పాలు తాగడం లేదు. ఎండ తగ్గాక మా తమ్ముడి ఇంటికి తీసుకుపోతాం. ఈ ఎండలో వీధిలోకి తేలేం. అందాకా ఓర్చుకుంటాడో లేదో..." ఆవిడ మాట పూర్తిచేయలేదు.

మీరావలి రౌషన్ తలుపులన్నీ తెరిచాడు. జాలీని కూడా ఊడదీసి పక్కన పెట్టాడు. ఎదురుగా సముద్రం. దాని మీద తెల్లటి నురగలు. అంటే గాలి ఉంది. చెయ్యి బయటికి చాపాడు. మణికట్టు దాకా చల్లగా తగిలింది. చొక్కా చేతి అంచు రెపరెపలాడింది. కిటికీ లోపలున్న మోచేతి దగ్గర మాత్రం ఏమీ లేదు. వెంట్రుక కదలలేదు.

మళ్ళీ చూశాడు. మణికట్టు దాకా గాలి. మోచేతి దగ్గర లేదు.

పిలవగా పిలవగా వీధి గుమ్మం దాకా వచ్చిన మనిషి, ఒక అడుగు వేస్తే లోపలికొచ్చే మనిషి, అక్కడే ఆగి చూస్తున్నట్టుంది. ఎదుటి గది కిటికీలు తెరిచాడు. తడి చాపలు కట్టాడు. తన చేతిపనిలో తప్పెక్కడుందో వెతుకుతూ జాలీ సందులన్నీ వేళ్ళతో తడిమాడు. తప్పు కనిపించలేదు. గాలి రాలేదు.

అప్పుడే వీధిలో ఎవరో, ఉస్తాద్ వచ్చేశారని అనుకుంటూ పోయారు. మీరావలి పరుగెత్తాడు.

ఉస్తాద్ ప్రయాణపు దుమ్ముతోనే గడప మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళ తొట్టిలో పెట్టుకుని ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు. మీరావలి సలాము చెప్పడం కూడా మరిచిపోయాడు.

"యూనుస్ ఇంట్లో పసిబిడ్డ వాడిపోతున్నాడు, ఉస్తాద్. నేను కట్టిన కిటికీ దగ్గర. తలుపులన్నీ తెరిచి పెట్టాను. గాలి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. లోపలికి రావడం లేదు."

ఉస్తాద్ తలెత్తాడు.

"ఏమన్నావు?"

"తలుపులన్నీ తెరిచి పెట్టాను. అయినా లోపలికి..."

మీరావలి నోరు అక్కడే ఆగిపోయింది. ఆ మాటలు తను అంతకుముందు, సున్నం పూస్తున్న గోడ దగ్గర, ఈయనతోనే అన్నాడని అతనికి గుర్తొచ్చింది.

ఉస్తాద్ నీళ్ళలోంచి కాళ్ళు తీసి, తుడుచుకోకుండానే చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన నేరుగా నూరా గదికి వెళ్తాడనుకున్నాడు మీరావలి. ఆయన ఆ అంతస్తులో ఆగలేదు. శిష్యుడి భుజం పట్టుకుని మెట్లు ఎక్కుతూనే పోయాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి. ప్రతి మలుపులోనూ నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు, తలెత్తి నడిమి గొందిలోకి చూస్తున్నాడు. పైకి పోయేకొద్దీ చీకటి పెరిగింది. మెట్టు మెట్టుకీ వేడి చిక్కబడింది. వంటల వాసన, సాంబ్రాణి, మనుషుల చెమట, అన్నీ కలిసి గొంతుకు అడ్డం పడుతున్నాయి.

పై అంతస్తులో ఉస్తాద్ తల వెనక్కి వాల్చి మూత లోపలివైపు చూశాడు.

"అవి ఏం పూలు?"

"తామరలు. మావైపు పూస్తాయి."

"చాలా బాగున్నాయి."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. మీరావలికి ఏ తిట్టూ అంతగా గుచ్చుకునేది కాదు.

డాబా మీదికి పక్కగా, వంగితే తప్ప పట్టని చిన్న తలుపు ఉంది. దాటగానే మీరావలి అలవాటుగా దాన్ని వెనక్కి లాగి మూశాడు. పైన ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. అయినా సముద్రపు గాలి వాళ్ళ బట్టల్ని పట్టి లాగుతోంది. ఉస్తాద్ మూత పక్కన చతికిలబడి, వేలిముడులతో దాని మీద తట్టాడు. ఖాళీ పడవలా మోగింది. అతుకుల వెంట వేలు పోనిచ్చాడు. ఎక్కడా గోరు దిగలేదు.

"ఓడకైతే దీన్ని మించింది ఉండదు" అన్నాడు.

అరచెయ్యి మూత మీద ఆనించి, "తెరువు" అన్నాడు.

"ఇది తెరుచుకోదు, ఉస్తాద్. తెరుచుకోకుండా చేశాను."

సున్నం పనివాళ్ళు ఎప్పుడో డాబా మూల మరిచిపోయిన సుత్తి ఒకటి పడి ఉంది. ఉస్తాద్ పాకుతూ వెళ్ళి దాన్ని తెచ్చి, మీరావలి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆపైన వెళ్ళి గోడ నీడలో కూర్చున్నాడు.

"కావాలంటే ఇంకో రెండు రౌషన్లు పెడతాను" అన్నాడు మీరావలి. "పడమటి గోడ తెరిపిస్తాను. జాలీ అక్కర్లేదు, తీసేస్తాను. దీనికి ఒక చలికాలం పట్టింది, ఉస్తాద్. ఊళ్ళో నన్ను..."

కింద, తెరిచి ఉన్న రౌషన్‌లోంచి, బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. సన్నటి దారంలా పైకొస్తోంది. అది ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నూరా! మొహాన నీళ్ళు చల్లు, నీళ్ళు!" ముసలావిడ కేక.

మీరావలి సుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బకు పలక కదలలేదు. అంత గట్టిగా చేశాడు. రెండోసారి పళ్ళు బిగపట్టి కొట్టాడు. నిలువునా చీలింది. చీలికలో వేళ్ళు దూర్చి లాగాడు. తామరపూవు సగానికి విరిగి చేతిలోకి వచ్చింది. దాన్ని చూడకుండా విసిరేసి రెండో పలక పట్టుకున్నాడు.

అప్పుడు ఇల్లు ఊపిరి వదిలింది.

కుండ మూత తీసినప్పటి ఆవిరిలా, ఎన్నో రోజుల వేడి ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి అతని మొహాన కొట్టింది. పాత సాంబ్రాణి, మాడిన నూనె, చెమట, పాల వాసన. మీరావలి మొహం పక్కకు తిప్పుకుని మిగిలిన పలకలు పీకుతూనే ఉన్నాడు. వేడి పోతోంది, ఇంకా పోతోంది. అంత వేడి ఆ గోడల మధ్య ఇన్నాళ్ళు ఎక్కడ కూర్చుందో తెలియలేదు.

ఆ తర్వాత కింద ఎక్కడో ఒక తలుపు దభాలున కొట్టుకుంది. దాని పై అంతస్తులో ఇంకొకటి. ఆ పైన మరొకటి. మెట్ల గోడకు వేలాడే దీపాల గొలుసులు గలగలమన్నాయి. పరదా ఒకటి ఉబ్బి ఫటఫటా కొట్టుకుంటున్న చప్పుడు. ఎవరో ఆడమనిషి "యా లతీఫ్!" అని దేవుణ్ణి పిలిచింది, భయంతోనో సంతోషంతోనో. కనిపించని మనిషెవరో వీధి గుమ్మంలోంచి దూరి, ఒక్కొక్క గదీ తెరుచుకుంటూ మెట్లెక్కి వస్తున్నట్టు, ఆ చప్పుళ్ళు కింది నుంచి పైకి, ఇంకా పైకి వచ్చాయి.

మీరావలి ఖాళీ మూతి మీదికి వంగాడు. గాలి అతని మొహాన్ని తాకింది. ఈసారి చల్లగా ఉంది. దానిలో ఉప్పు ఉంది, తారు ఉంది, తడి తాళ్ళ వాసన, చేపల వాసన ఉంది. రేవంతా ఉంది. మోచేతి దగ్గర ఆగిపోయినది ఇల్లంతా నడిచివచ్చి, అతని గడ్డాన్నీ తలపాగా కొసనూ ఎత్తి, అతన్ని దాటుకుని ఆకాశంలోకి పోతోంది. ఒకసారి వచ్చి ఊరుకోలేదు. వస్తూనే ఉంది, పోతూనే ఉంది. పగడపు గోడలూ టేకు దూలాలూ ఆ పెద్ద మేడంతా తన చేతుల కింద మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు తోచింది. పట్టుకోవాలన్నట్టు అరచేతులు చాపాడు. వేళ్ళ మధ్యలోంచి పోయింది.

అతను మోకాళ్ళ మీదికి ఎప్పుడు ఒరిగాడో అతనికి తెలియదు.

చాలాసేపటికి చిన్న తలుపు తోసుకుని రుకయ్యా డాబా మీదికి వచ్చింది. మొహం కడిగినట్టుంది. విరిగిన పలకల్నీ, ఆ పక్కన ఇద్దరు మగవాళ్ళనీ చూసింది.

"పాలు తాగుతున్నాడు" అంది. కళ్ళు తుడుచుకుని, తెరిచి ఉన్న మూతి వైపు గడ్డంతో చూపించింది. "దీన్ని ఇలాగే ఉంచుతారా?"

"సందులు వదిలి చెక్కలు కొడతాను, అమ్మా" అన్నాడు మీరావలి. "కానీ దుమ్ము పడుతుంది."

"పడనీ నాయనా. చీపుళ్ళకేం కరువు? ఊడ్చుకుంటాం."

ఆవిడ దిగిపోయింది. నీడ గోడ వారగా ఇంకొంచెం జరిగింది. రేవులో ఓడవాళ్ళు తెరచాప ఎత్తుతూ పెడుతున్న కేకలు సన్నగా వినిపించాయి.

"గాలికి నేను ఎన్ని దారులో పెట్టాను, ఉస్తాద్" అన్నాడు మీరావలి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇంకేం తక్కువ చేశాను?"

ఉస్తాద్ నవ్వలేదు. శిష్యుడి జుట్టులో ఇరుక్కున్న చెక్క పేడు ఒకటి తీసి పారేశాడు.

"అన్నీ రావడానికే పెట్టావు" అన్నాడు.

మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, గోడ పట్టుకుని మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఉస్తాద్ వాకిట్లో ఎప్పటిలాగే చాపలు పరిచారు. మీరావలి తన చోట తను కూర్చున్నాడు. నామం తలిచేటప్పుడు అందరిలాగే అతనూ ఊపిరిని లోపలికి లాగేవాడు. ఇన్నేళ్ళూ దాన్ని గుండెల నిండా పట్టి, ఎక్కడ జారిపోతుందోనని బిగించి, ఏదో ఒకటి దొరికేదాకా వదలనన్నట్టు కూర్చునేవాడు.

ఆ రోజు మొదట వదిలాడు. రొమ్ములో ఇక మిగల్లేదనిపించేదాకా వదిలాడు. ఆపైన ఇంకొంచెం వదిలాడు.

తిరిగి లాక్కోవలసిన పని లేకపోయింది. అదే వచ్చింది.